కొండరాయి నుంచి కడలి ఇసుక దాకా: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు భూమి పాఠాలు చేయించి నేర్పే విధానం

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపూర్, బరంపురం ప్రాంతాల బడుల్లో భూమి గురించి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు మరెక్కడా సులభంగా దొరకని వెసులుబాటు ఒకటి ఉంది. ఒకవైపు తూర్పు కనుమలు, మరోవైపు బంగాళాఖాతం, నడుమ వంశధార, మహేంద్రతనయ, ఋషికుల్య నదులు ఉండడంవల్ల, కొండమీది రాయి పగిలి, మట్టిగా, ఇసుకగా మారి సముద్రం చేరేదాకా జరిగే కథ మొత్తం బస్సులో ఒక్క రోజు ప్రయాణంలో కనిపిస్తుంది. అయినా చాలాచోట్ల ఈ పాఠం భూగర్భంలోని పొరల బొమ్మతో మొదలై, మూడు రకాల శిలల పేర్లు వల్లెవేయించడంతో ముగుస్తోంది. ఎవరూ చూడని లోతుతో కాకుండా, పిల్లవాడు గుప్పిట్లో పట్టుకోగల రాయితో పాఠం మొదలుపెట్టి, ఆ రాయి వెంటే సముద్రం దాకా నడిపిస్తే, పొరలూ, ఒక రకం శిల మరో రకంగా మారే శిలాచక్రమూ అవసరమైన చోట వాటంతట అవే వస్తాయి. కింద చెప్పిన పనులన్నీ ఆ వరుసలోనే ఉన్నాయి కనుక, వాటిని విడివిడిగా కాకుండా ఒకదాని తరువాత ఒకటిగా చేయించడం మంచిది.

ముందుగా ఒక ఏర్పాటు చేసుకోవాలి. నలభై నిమిషాల పీరియడులో నీళ్ళతో, మట్టితో చేసే పని పూర్తికాదు కాబట్టి వారానికి రెండు పీరియడ్లు కలిపి ఒకేసారి ఇవ్వమని ప్రధానోపాధ్యాయుల్ని అడగాలి. పాఠ్యపుస్తకం ఒడియాలో ఉండి, పిల్లల ఇళ్ళలో తెలుగో సవరో మాట్లాడే బడుల్లో, చూసినదాన్ని ఎవరికి వచ్చిన మాటల్లో వారిని చెప్పనిచ్చి, పుస్తకంలోని పేరు ఆ తరువాత బోర్డుమీద రాస్తే సరిపోతుంది.

రాయిని చూడడం

ఒక్కొక్కరు ఒక్కొక్క రాయి తేవాలని ముందు రోజు చెప్పండి. గుప్పిట్లో పట్టేంత ఉంటే చాలు. అయితే అది ఎక్కడ దొరికిందో తెచ్చినవారు కచ్చితంగా చెప్పగలగాలి: కొండ వాలులోనా, గెడ్డ(కొండవాగు)లోనా, రోడ్డు పని కోసం పోసిన కంకర గుట్టలోనా, పొలం గట్టుమీదా? దొరికిన చోటు తెలియని రాయి ఎంత అందంగా ఉన్నా పాఠానికి అక్కరకు రాదు. తెచ్చిన ప్రతి రాయికీ కాగితం ముక్క అంటించి, తేదీ, చోటు, తెచ్చినవారి పేరు రాయించండి.

ఈ కొండల్లో విరివిగా కనిపించే రాయి ఖోండలైటు. ఈ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీదుగా దీనికి ఆ పేరును 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టారు. తాజాగా పగిలిన ముక్కను ఎండలో పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పమనండి. లేతబూడిద రంగు చారలు ఒకే దిశలో సాగి ఉంటాయి. వాటి మధ్య ఆవగింజంత నుంచి శనగగింజంత దాకా ముదురు ఎరుపు గింజలు పొదిగినట్టు కనిపిస్తాయి. అవే గార్నెట్ స్ఫటికాలు. కొన్ని ముక్కల్లో పట్టుదారంలా మెరిసే సన్నని పోగులు ఉంటాయి, అవి సిలిమనైటు అనే ఖనిజం. వానకూ ఎండకూ చాలాకాలం నానిన ముక్కలో గార్నెట్ చుట్టూ తుప్పు రంగు వలయం ఏర్పడి, తెల్లని భాగం వేలితో రుద్దితే పిండిలా రాలుతుంది. పిల్లల చేత ఈ రెండు ముక్కలనూ పక్కపక్కన పెట్టించి బొమ్మ గీయించడానికి ఒక పూర్తి పీరియడు కేటాయించినా అది వృథా కాదు, ఎందుకంటే తరువాత వచ్చే మట్టి పాఠం, ఇసుక పాఠం రెండూ ఈ ఎర్ర గింజ మీదా, ఈ తెల్లని పిండి మీదా ఆధారపడి ఉన్నాయి. కోణార్క గుడిలో ఎక్కువ భాగం కట్టింది ఈ రాతితోనే. అక్కడి శిల్పాలు ఉప్పుగాలికి ఎందుకంత అరిగిపోయాయని అడిగితే, వేలికి అంటిన పిండిని చూసిన పిల్లలు తామే జవాబు చెప్పగలుగుతారు.

గట్టిదనం పరీక్ష తేలిక. గోరు, ఇనుప మేకు, పగిలిన సీసా కాకుండా అంచులు నూరిన గాజు పలక, ఈ మూడూ చాలు. ఖనిజాల గట్టిదనాన్ని పోల్చడానికి 1812లో మోస్ అనే ఖనిజ శాస్త్రవేత్త ఏర్పరిచిన కొలబద్దలో గోరు గట్టిదనం సుమారు 2.5, గాజుది 5.5, ఇసుకలో ఎక్కువగా ఉండే తెల్లని ఖనిజమైన క్వార్ట్జ్‌ది 7. తన రాయి గాజును గీసిందా, మేకే రాయిని గీసిందా అన్నది పట్టికలో రాస్తారు. రాయి పగలగొట్టే పని మాత్రం ఉపాధ్యాయులే చేయాలి. గోనెగుడ్డలో చుట్టి కొడితే పెచ్చులు కళ్ళలోకి ఎగరవు.

ఈ దశలో పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న, «మాస్టారూ, ఈ రాయి ఎప్పటిది?» అన్నది. ఖోండలైటు ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న బంకమట్టి. అది పాతిక కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి, 800 డిగ్రీల సెల్సియస్‌ను దాటిన వేడిలో మారిపోయి, సుమారు వంద కోట్ల సంవత్సరాల నాటికి ఈ రూపానికి వచ్చింది. ఆ మాట అలాగే చెబితే వంద కోట్లకూ లక్షకూ తేడా పిల్లలకు అందదు. 46 మీటర్ల కొబ్బరి తాడు తీసుకుని బడి మైదానంలో పరిపించండి. ఒక మీటరు పది కోట్ల సంవత్సరాలు అనుకుంటే తాడు మొత్తం భూమి వయసు, అంటే 460 కోట్ల సంవత్సరాలు అవుతుంది. నేటి వైపు చివర నుంచి పది మీటర్ల దగ్గర ఖోండలైటు ముక్క పెట్టించండి. డైనోసార్లు అంతరించిన చోటు చివరికి 66 సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. మనిషి పుట్టి సుమారు మూడు లక్షల సంవత్సరాలు కనుక, అతని వాటా చివరి మూడు మిల్లీమీటర్లే. భూమి లోపలి పొరల బొమ్మ గీయవలసింది ఇక్కడే. ఇంత లోతున వండిన రాయి పైకి ఎలా వచ్చిందన్న సందేహం పుట్టిన తరువాత ఆ బొమ్మను పిల్లలు శ్రద్ధగా చూస్తారు.

రాయి అరగడం, మట్టి కావడం

మూతగట్టిగా ఉన్న డబ్బాలో పది ఇటుక ముక్కలు, సగానికి నీళ్ళు పోసి, ముక్కల్ని ముందే తూచి ఉంచుకోవాలి. వంతులవారీగా వందసార్లు ఊపి, తీసి, తుడిచి, ఆరబెట్టి మళ్ళీ తూచాలి; ఇలా అయిదారు విడతలు చేసి గ్రాఫు గీయించండి. మొదట కోసుగా ఉన్న మూలలు త్వరగా పోతాయి, తరువాత అరుగుదల నెమ్మదిస్తుంది; డబ్బా అడుగున ఎర్రని బురద మిగులుతుంది. గెడ్డ ఎగువన కోసురాళ్ళు, నది దిగువన గుండ్రాళ్ళు ఎందుకు ఉంటాయో దీనితో తెలుస్తుంది. ఇసుక రేణువుల సంగతి వేరు. అవి తేలికగా ఉండడంవల్ల ఢీకొన్నా పెద్దగా అరగవు; అందుకే ఒక్క నది ప్రయాణంలో గులకరాయి గుండ్రబడినంతగా ఇసుక గుండ్రబడదు. ఈ తేడా చెప్పకపోతే ఇసుక పాఠంలో పిల్లలు తప్పు నిర్ణయానికి వస్తారు.

రసాయన మార్పుకు రెండు చిన్న పనులున్నాయి. సముద్రపు గవ్వ పొడిమీద వినిగరు వేస్తే నురగ వస్తుంది, ఖోండలైటుమీద వేస్తే రాదు. ఇక్కడ సుద్దముక్కను ఉదాహరణగా వాడకండి. బడుల్లోకి వచ్చే సుద్దముక్కల్లో చాలావరకు జిప్సంతో చేసినవి కావడంవల్ల నురగ రాక పిల్లలు తికమకపడతారు. రెండోది తుప్పు: ఇనుప మేకుల్ని తడిగుడ్డలో చుట్టి వారం ఉంచితే గుడ్డమీద పడే మరక రంగునూ, కొండ దిగువ ఎర్రమట్టి రంగునూ పోల్చవచ్చు. గార్నెట్‌లోని ఇనుము కూడా నీటితో, గాలితో కలిసి అదే విధంగా మారుతుంది. గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు తుప్పుపట్టదు కనుక మేకులే తీసుకోవాలి.

మట్టి పరీక్షకు మూడు చోట్ల మట్టి కావాలి: కొండ అడుగు, వరిమడి, నది ఒడ్డు. నిలువు గోడలున్న పారదర్శకమైన సీసాల్లో మూడోవంతు మట్టి, మెడదాకా నీళ్ళు, చిటికెడు బట్టల సోడా వేసి అయిదు నిమిషాలు గట్టిగా ఊపి బల్లమీద పెట్టాలి. ఒక నిమిషానికి అడుగున చేరిన పొర ఇసుక, రెండు గంటలకు దానిమీద చేరింది ఒండ్రు, మరునాటికి దిగింది బంకమట్టి. పైన తేలేవి ఆకులు, వేళ్ళ తుంపులు. ప్రతిసారీ సీసామీద గీత పెట్టించి, పొరల మందాన్ని స్కేలుతో కొలిపించి, శాతాలు కట్టించండి. వరిమడి సీసా మరునాటికీ కలకగానే ఉంటే దాన్ని కదపకుండా మూడో రోజు కూడా చూడనివ్వండి. బంక అంత నెమ్మదిగా దిగుతుంది గనుకే నది దాన్ని సముద్రం దాకా మోయగలుగుతుందని వారికి అర్థమయ్యే సందర్భం అదే.

పళ్ళెంలో నది

మిఠాయి దుకాణాల్లో వాడే పొడవాటి రేకు పళ్ళెం గాని, నిలువుగా సగానికి కోసిన ప్లాస్టిక్ పీపా గాని తీసుకుని, మూడు అంగుళాల మందాన తడి ఇసుక పరిచి, ఒక చివర కింద ఇటుక పెట్టండి. వేలితో మెలికలు తిరిగే కాలువ గీసి, అడుగున చిల్లు పెట్టిన సీసా నుంచి సన్నని ధార వదలండి. మెలిక బయటి ఒడ్డునా లోపలి ఒడ్డునా అగ్గిపుల్లలు గుచ్చించి, ఏ పుల్ల ముందు పడుతుందో ధార వదలకముందే ప్రతి పిల్లవాడి చేతా రాయించాలి. బయటి ఒడ్డు కోసుకుపోవడం, లోపలి ఒడ్డున ఇసుక మేట వేయడం, దిగువన విసనకర్ర ఆకారంలో డెల్టా పరుచుకోవడం పది నిమిషాల్లో కనిపిస్తాయి. తరువాత రెండో ఇటుక పెట్టి వాలు పెంచండి.

కలహండి కొండల్లో పుట్టిన వంశధార గుణుపూర్, కాశీనగర్ల మీదుగా ప్రవహించి శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. జిల్లా పటంలో దాని మెలికల్ని వెతికించి, మేట ఏ ఒడ్డున ఉందో చూపమనండి.

ఇసుకను గాలించడం

ఈ వరుస మొత్తంలో నేను అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వమని కోరేది ఈ పనికే. బడికి దగ్గరలోని గెడ్డ నుంచి, పెద్ద నది నుంచి, గోపాల్‌పూర్ తీరం నుంచి ఒక్కొక్క గుప్పెడు ఇసుక కావాలి. అంతకుమించి అక్కరలేదు.

వెడల్పాటి స్టీలు కంచంలో గుప్పెడు ఇసుక వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, ఇంట్లో బియ్యంలోంచి రాళ్ళు గాలించినట్టే కంచాన్ని కొద్దిగా వంచి గుండ్రంగా ఆడించాలి. ఈ పని ఇళ్ళలో చూసిన పిల్లలకు చెయ్యి వెంటనే కుదురుతుంది. అంచు దాటిన ఇసుక వృథా కాకుండా కింద బేసిను పెట్టండి. మొదట తెల్లని, లేతపసుపు రేణువులు నీటితో పాటు జారిపోతాయి; కాసేపటికి కంచం అడుగున తోకలాంటి నల్లని చార ఒకటి మిగులుతుంది, దాని అంచున సన్నని గులాబీ ఎరుపు గీత కనిపిస్తుంది. ఆ ఎరుపు గార్నెట్. కొండరాతిలో పిల్లలు తమ వేలితో తడిమిన గింజే ఇక్కడ పొడిగా మారి దొరికింది. ఈ మాట ఉపాధ్యాయులు ముందే చెప్పేయకూడదు. మొదటి వారం గీసిన రాతి బొమ్మను తెరిచి పక్కన పెట్టుకోమని మాత్రం చెప్పి ఊరుకోవాలి.

నల్లనివి అడుగున ఎందుకు మిగిలాయంటే అవి బరువైనవి. క్వార్ట్జ్ నీటికన్నా 2.65 రెట్లు బరువు, గార్నెట్ సుమారు నాలుగు రెట్లు, ఇల్మనైటు అనే నల్లని ఖనిజం 4.7 రెట్లు. ఒకే పరిమాణంలో ఉన్న రెండు రేణువుల్లో తేలికది నీటితో పోతుంది, బరువుది వెనకబడుతుంది. ఆరో తరగతికి ఇంతవరకు చాలు. ఎనిమిదో తరగతికైతే సాంద్రత లెక్క రాతి ముక్కలతో చేయించవచ్చు.

మిగిలినదాన్ని వార్తాపత్రికమీద ఎండబెట్టి, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ సంచిలో చుట్టి దగ్గరకు తేవాలి. కొన్ని నల్లని రేణువులు వెంటనే ఎగిరి అంటుకుంటాయి, అవి ముఖ్యంగా మాగ్నటైటు అనే ఇనుప ఖనిజం. సంచిలోంచి అయస్కాంతాన్ని తీసేస్తే అవి కాగితంమీద రాలతాయి. సంచి లేకుండా నేరుగా అంటిస్తే వాటిని వదిలించడం చాలా కష్టం. పాడైన కంప్యూటర్ హార్డ్ డిస్కులోని బలమైన అయస్కాంతం దొరికితే ఇల్మనైటును కూడా లాగుతుంది. ఇలా నల్లనివన్నీ ఒకటి కావని, అయస్కాంతానికి లొంగే తీరులోనూ తేడాలున్నాయని పిల్లలు గ్రహిస్తారు. ఛత్రపూర్‌లోని ఐఆర్ఈఎల్ (పూర్వపు ఇండియన్ రేర్ ఎర్త్స్) కర్మాగారంలో ఇల్మనైటు, గార్నెట్, సిలిమనైటు, రూటైలు, జిర్కాన్, మోనజైటు అనే ఖనిజాలను సముద్రపు ఇసుక నుంచి వేరుచేసేది కూడా బరువు, అయస్కాంత గుణం, విద్యుత్ గుణాల ఆధారంగానే. నల్లని ఇల్మనైటు నుంచి వచ్చే టైటానియం డయాక్సైడే గోడలకు వేసే తెల్లరంగుకు తెలుపునిచ్చేదని చెప్పినప్పుడు తరగతిలో కలిగే ఆశ్చర్యాన్ని చూసి తీరాలి.

ఆఖరున పోస్టుకార్డంత అట్టముక్కమీద జిగురు రాసి, ఒక్కొక్క చోటి ఇసుకను పలచగా చల్లి, చోటు, తేదీ రాసి దాచండి. భూతద్దంతో మూడు కార్డులనూ పక్కపక్కన చూస్తే గెడ్డ ఇసుకలో రేణువులు చిన్నాపెద్దా కలగలిసి ఉంటాయి, తీరపు ఇసుకలో దాదాపు అన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి. నది ఒక్కసారి మోసినదాన్ని అలలు పదేపదే జల్లెడ పడతాయి. తీరంమీద నల్లని చారలు ఎక్కువగా ఉండడానికీ అదే కారణం: అల వెనక్కి పోతూ తేలికైన క్వార్ట్జ్‌ను తీసుకుపోతుంది, బరువైన రేణువులు అక్కడే మిగులుతాయి. ఆ ఇసుక అక్కడికి దగ్గరలోని నది తెచ్చినదే కానక్కరలేదు. ఈ తీరంలో సముద్రం ఇసుకను ఎక్కువగా ఈశాన్యం వైపు జరుపుతూ ఉంటుంది.

తీరానికి పిల్లలతో వెళ్ళేవారికి కొన్ని జాగ్రత్తలు. గోపాల్‌పూర్ దగ్గర సముద్రం లోపలికి గట్టిగా లాగుతుంది కాబట్టి పిల్లలు మోకాలి లోతు నీటిలోకి కూడా దిగకూడదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఋషికుల్య ముఖద్వారం పరిసరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టే, ఆ గుడ్ల నుంచి పిల్లలు బయటికి వచ్చే కాలం. ఆ నెలల్లో అక్కడ ఇసుక తవ్వడం మాట అటుంచి, నడవడం కూడా వద్దు. డిసెంబరు, జనవరి నెలలు అన్నివిధాలా అనువైనవి, నదుల్లోనూ నీరు తగ్గి ఉంటుంది. మోనజైటులో కొద్దిగా రేడియోధార్మికత గల థోరియం ఉంటుంది. గుప్పెడు ఇసుక పట్టుకోవడంవల్ల ప్రమాదమేమీ లేదు గాని, పని అయ్యాక చేతులు కడిగించడం, నల్ల ఇసుకను తరగతి గదిలో కుప్పగా దాచకపోవడం మంచి అలవాటు.

వాన, వాలు

వర్షమాపకాన్ని జూన్‌లోనే అమర్చాలి. నిలువు గోడల ప్లాస్టిక్ సీసా పైభాగాన్ని కోసి గరాటులా తిరగేసి పెట్టి, వంపు తిరిగిన అడుగు నిండేదాకా గులకరాళ్ళూ నీళ్ళూ పోసి అక్కడ సున్నా గీత పెట్టండి. గోడలకూ చెట్లకూ దూరంగా ఉంచి, రోజూ ఉదయం 8.30కు ఒకరు చదివి రాయాలి. వాతావరణ శాఖ లెక్క కూడా ఆ వేళకే. ఒక చదరపు మీటరుమీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. బడి ఆవరణ 600 చదరపు మీటర్లనుకుంటే, 100 మిల్లీమీటర్ల వానలో దానిమీద పడేది 60 వేల లీటర్లు, అంటే 60 టన్నుల బరువు. ఒక రోజులో 204.4 మిల్లీమీటర్లు దాటితే దాన్ని వాతావరణ శాఖ అత్యంత భారీ వర్షంగా లెక్కిస్తుంది. ఇదే లెక్క కొండవాలుకు కట్టించండి.

పొడి ఇసుకను గరాటుతో కుప్పగా పోసి, కోణమానినితో వాలు కొలిస్తే 30 నుంచి 35 డిగ్రీల మధ్య వస్తుంది. కొద్దిగా తడిపితే అదే ఇసుక మరింత నిటారుగా నిలబడుతుంది. నీళ్ళు పోస్తూనే ఉంటే ఒక్కసారిగా కూలి పారుతుంది. కొంచెం తడి రేణువుల్ని పట్టి ఉంచుతుంది, నీరు నిండితే రేణువుల మధ్య ఒరిపిడి తగ్గిపోతుంది అన్నదే కొండచరియలు విరిగిపడడంలోని ముఖ్యసూత్రం. పక్కనే రెండు పళ్ళేల్లో ఒకే మట్టి నింపి, ఒకదానిలో మూడు వారాల ముందే చోళ్ళు (రాగులు) మొలకెత్తించి, రెండింటిమీదా ఒకే కొలత నీళ్ళు చిల్లుల డబ్బాతో చల్లి, కిందికి కారిన నీటిని సీసాల్లో పట్టించండి. రెండు సీసాల రంగు తేడా అందరికీ తెలుస్తుంది. అయితే పైమట్టి కొట్టుకుపోవడాన్ని గడ్డివేళ్ళు ఆపినంతగా, కొండచరియ లోతునుంచి జారడాన్ని ఆపలేవని, కుండపోతగా కురిస్తే అడవి ఉన్న వాలు కూడా జారవచ్చని చెప్పడం ఉపాధ్యాయుల బాధ్యత.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, గజపతి జిల్లా కొండల్లో కురిసిన వానకు చరియలు విరిగిపడి ఎందరో చనిపోయారు. మీ తరగతిలో ఆ ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు ఉండవచ్చు. ఇసుక కుప్ప కూలినప్పుడు చప్పట్లు కొట్టించే పద్ధతి వద్దు. కుప్పలో బొమ్మ ఇళ్ళు గుచ్చి పడగొట్టించడమూ వద్దు. దానికి బదులు, గెడ్డ నీరు ఉన్నట్టుండి బురదగా మారడం గాని తగ్గిపోవడం గాని, చెట్లు వంగడం, నేలలో కొత్త పగుళ్ళు, కొండ లోపల్నుంచి గడగడమనే శబ్దం కనిపించినా వినిపించినా వెంటనే కాలువ దారికి పక్కగా ఎత్తైన చోటికి వెళ్ళాలనీ, వానలో పెద్ద బండల కింద తలదాచుకోకూడదనీ చెప్పి, తమ ఊళ్ళో అలాంటి సురక్షితమైన చోటు ఏదో ఇంటి పెద్దల్ని అడిగి పటం గీసుకురమ్మనండి.

పరీక్ష విషయంలో నా అభిప్రాయం గట్టిది. నిర్వచనాలు రాయించి మార్కులు వేయడానికి బదులు, చోటు పేరు చెప్పకుండా ఒక కొత్త ఇసుక పొట్లాన్ని ప్రతి జట్టుకూ ఇచ్చి, కంచం, అయస్కాంతం, భూతద్దం చేతికిచ్చి, అది గెడ్డదా, నదిదా, తీరానిదా, ఏ ఆధారంతో అలా అంటున్నారో ఒక పేజీలో రాయమనండి. జవాబు తప్పయినా ఆధారం సరిగా చూపినవారికి ఎక్కువ మార్కులు వేయాలి. పొట్లాలమీద మీకు మాత్రమే తెలిసే గుర్తు పెట్టుకోవడం మరచిపోవద్దు, ఎండిన నది ఇసుకనూ తీరపు ఇసుకనూ కంటితో వేరుచేయడం ఉపాధ్యాయులకు కూడా కష్టమే.